డిష్ సెట్ చేసే మీటర్: ముల్లుదా, డిజిటల్‌దా?

భద్రాచలం చుట్టుపక్కల ఊళ్లలో డిష్‌లు బిగించడం, టీవీలు బాగుచేయడం నా పని. కేబుల్ లైను చేరని గూడేలే ఎక్కువ కాబట్టి నా చేతిమీదుగా వెళ్లేది చాలావరకు దూరదర్శన్ వాళ్ల నెలనెలా డబ్బు కట్టక్కర్లేని ఫ్రీ డిష్షే. ఈ మధ్య షాపుకొచ్చి, "అన్నా, మా డిష్ మేమే తిప్పుకుంటాం, మంచి మీటరేదో చెప్పు" అనేవాళ్లు ఎక్కువయ్యారు. నా కూలి పోతుందని దాచిపెట్టేంత రహస్యమేమీ లేదు ఇందులో. నా సంచిలో ఉన్న మీటర్ల గురించి ఉన్నదున్నట్టు రాస్తున్నా.

ముందు ముల్లు మీటరు. ఎస్‌ఎఫ్-95 అని రాసి ఉంటుంది, అరచేతిలో పట్టేంత డబ్బా. ఒక పక్క ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు ఉండి సిగ్నల్ పట్టే ముక్క) నుంచి వచ్చే వైరు, ఇంకో పక్క సెట్‌టాప్ బాక్స్‌కి వెళ్లే వైరు, మధ్యలో ముల్లు ఎంత లేవాలో సర్దే బిరడా. బ్యాటరీ అక్కర్లేదు, బాక్స్ పంపే 13, 18 వోల్టుల మీదే నడుస్తుంది. రెండు మూడు వందల్లో దొరుకుతుంది. డిష్ తిప్పుతుంటే ముల్లు లేస్తుంది, కుయ్యిమని మోగుతుంది. మోగిందంటే సిగ్నల్ దొరికిందని అందరూ అనుకుంటారు. అసలు తిరకాసు అక్కడే.

ఈ మీటరుకి తెలిసింది ఒక్కటే: వైరులో ఎంత పవర్ వస్తోంది అని. అది ఏ శాటిలైటుదో దానికి తెలియదు. అసలు శాటిలైటుదేనా అన్నది కూడా తెలియదు. బిరడా బాగా పెంచి డిష్‌ని ఎండకి కాలిన గోడ వైపు తిప్పండి, ముల్లు లేస్తుంది. వేడిగా ఉన్న ప్రతిదీ కాస్తో కూస్తో రేడియో రొద చేస్తుంది, ఎల్‌ఎన్‌బీ దాన్నీ పట్టుకొస్తుంది.

మన ఆకాశం ఎంత ఇరుకో చూడండి. ఫ్రీ డిష్ వచ్చే జీశాట్-15, 2015 నవంబరులో పైకి వెళ్లింది, భూమధ్యరేఖకి పైన 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశంలో ఉంటుంది. దానికి ఇటు 91.5లో మీశాట్ శాటిలైట్లు, అటు 95లో డిష్ టీవీ వాళ్లు వాడే ఎస్‌ఈఎస్-8. కాస్త దూరంగా 88లో డీ2హెచ్, 83లో టాటా ప్లే, బాగా తూర్పుకి 108.2లో ఎయిర్‌టెల్. 60 సెంటీమీటర్ల గొడుగు, అంటే డిష్, ఒకేసారి దాదాపు మూడు డిగ్రీల వెడల్పు ఆకాశాన్ని చూస్తుంది. 93.5కీ 95కీ మధ్య ఉన్నది ఒకటిన్నర డిగ్రీ. రెండింటి మధ్యలో పెట్టినా ముల్లు చక్కగా నిలబడుతుంది, మోతా వస్తుంది, కిందికి దిగి చూస్తే టీవీలో "నో సిగ్నల్". ఈ అవస్థ మా దగ్గర కనబడని ఊరు లేదు.

అందుకని ముల్లు మీటరు పనికిరాదా అంటే, అలా కూడా అనను. ఒక్క శాటిలైటు, పాత దిమ్మె, పాత రాడ్డు, గాలివానకి కాస్త కదిలిన డిష్ అయితే అదే చాలు. బిరడాని ముల్లు మూడు దగ్గర ఆగేలా తగ్గించి పెట్టుకుని, మిల్లీమీటరు మిల్లీమీటరు జరపాలి. బిరడా నిండా తిప్పేసి ముల్లు చివర కొట్టుకుంటుంటే ఏ తేడా తెలుస్తుంది?

డిజిటల్ మీటర్లలో శాట్‌లింక్ 6906 చాలామంది మెకానిక్‌ల మెడలో కనబడుతుంది. మూడున్నర అంగుళాల స్క్రీన్, అందులోనే బొమ్మ వస్తుంది. ఫ్రీ డిష్ క్యారియర్లలో (ఛానెళ్లని మోసుకొచ్చే సిగ్నల్) ఒకదాని అంకెలు, ఫ్రీక్వెన్సీ 11090, వర్టికల్, సింబల్ రేటు 29500 అని కొట్టి, ఎల్‌ఎన్‌బీ దగ్గర 9750 పెడితే చాలు, ఆ క్యారియర్ దొరికినప్పుడే లాక్ అవుతుంది. పక్క శాటిలైటు ఎంత అరిచినా పట్టించుకోదు. స్కాన్ పెడితే ఛానెళ్ల పేర్లు వరసలో కనబడతాయి. ఇక అనుమానమేముంది? నేను డబ్బు పెట్టేది ఈ ఒక్క గుణానికే.

కానీ 6906 డీవీబీ-ఎస్ అనే పాత ప్రసార పద్ధతిని మాత్రమే చదువుతుంది. ఫ్రీ డిష్‌లో పాత ఎంపెగ్-2 (పాత రకం వీడియో) బాక్సులు నడిచే క్యారియర్లకి ఇబ్బంది లేదు. ప్రైవేటు డీటీహెచ్ క్యారియర్లు చాలావరకు డీవీబీ-ఎస్2 అనే కొత్త పద్ధతిలో ఉంటాయి, వాటి మీద ఇది లాక్ కాదు. ఎయిర్‌టెల్ గొడుగు కూడా తిప్పాల్సి వస్తుందనుకుంటే, ఎస్2 రాసి ఉన్న 6933 లాంటిదే తీసుకోవాలి. దాని స్క్రీన్ చిన్నది, బొమ్మ రాదు, అంకెలూ బార్లే. నాకైతే బొమ్మ లేకపోవడం లోటనిపించలేదు. ఇంటి పెద్దాయన మాత్రం "బొమ్మేది బాబూ?" అని అడుగుతాడు. ఆయన కోసమైతే 6906 ఉండాలి!

ఏది కొన్నా స్క్రీన్ మీద స్ట్రెంగ్త్ అనే బార్‌ని పక్కన పెట్టి, క్వాలిటీ చూడండి. స్ట్రెంగ్త్ అంటే మళ్లీ ఆ ముల్లే, బట్టలు మార్చుకుని వచ్చింది. క్వాలిటీ కూడా శాతంలో కాకుండా డీబీల్లో (డెసిబెల్స్), అంటే రొద కంటే సిగ్నల్ ఎంత పైన ఉందో చెప్పే సీ/ఎన్ గానీ ఎంఈఆర్ గానీ చూపించేదైతే మేలు. శాతం కంపెనీ ఇష్టం, ఒకడి 70 ఇంకొకడికి 90. డీబీ అలా కాదు. బొమ్మ ఆగిపోయే గీతకి ఎంత పైన ఉన్నామో లెక్క తెలుస్తుంది. ఆ తేడానే వానలో కాపాడేది. గోదావరి మీదుగా మబ్బు కమ్ముకొస్తే మన డిష్‌లకి వచ్చే కేయూ బ్యాండు సిగ్నల్ కొన్ని డీబీలు ఇట్టే పడిపోతుంది. ఎండాకాలంలో "వచ్చింది, చాలు" అని నట్టు బిగించేసిన డిష్‌లే ఆషాఢంలో నన్ను పిలిపిస్తాయి.

డిజిటల్ మీటరు డబ్బు రాబట్టేది ఇంకో చోట, ఎల్‌ఎన్‌బీ మెలిక దగ్గర. డిష్ సరిగ్గా కుదిరాక ఎల్‌ఎన్‌బీ క్లాంపు కొంచెం వదులు చేసి, గడియారం ముల్లు దిక్కుకి, తర్వాత ఎదురు దిక్కుకి మెల్లగా తిప్పాలి. ముల్లు మీటరులో దాదాపు ఏమీ మారదు, ఎందుకంటే మొత్తం పవర్ అటూ ఇటూ ఒకటే. డిజిటల్‌లో మాత్రం డీబీ ఒక్కో పాయింటు పెరగడం కళ్లముందే కనబడుతుంది. అది పడిపోవడం మొదలయ్యే చోటు నుంచి కాస్త వెనక్కి వచ్చి బిగించేయడమే. నట్టు బిగించేటప్పుడు కూడా మీటరు చూస్తూనే ఉండాలి. పానా చివరి మెలికకే డిష్ కదులుతుంది.

డిజిటల్‌లో నచ్చనిది, మిట్టమధ్యాహ్నం డాబా మీద స్క్రీన్ కనబడకపోవడం. మెడలో తువ్వాలు తీసి నెత్తిమీద కప్పుకుని, గుడారంలోంచి చూసినట్టు చూస్తాను. లాక్ అయితే మోగే బజర్ ఉన్నది చూసుకోండి. బ్యాటరీ మాటకొస్తే, పేరు లేని ఒక చవక మీటరు నన్ను సగం పనిలో వదిలేసింది. అప్పటినుంచి 12 వోల్టుల పిన్ను ఉందో లేదో చూశాకే దేన్నైనా కొంటున్నా. బైకు బ్యాటరీ మీదైనా నడిపించుకోవచ్చు.

ఫోన్ యాప్‌ల సంగతి. మా దగ్గర్నుంచి 93.5 ఉండేది ఆగ్నేయంలో, దాదాపు 144 డిగ్రీల దిక్కు, ఎత్తు 65 డిగ్రీలు. యాప్‌లో కెమెరా పైకెత్తి చూస్తే ఏ టేకు చెట్టు అడ్డమొస్తుందో దిమ్మె పోయకముందే తెలిసిపోతుంది. దానికి మాత్రమే వాడండి. ఇనుప రాడ్డు పక్కన నిలబడి ఫోన్ దిక్సూచిని నమ్మితే అది ఎటో చూపిస్తుంది. 65 డిగ్రీలన్నారు కదా అని గొడుగు ముఖాన్నే అంత ఎత్తి పెట్టొద్దు కూడా. మన డిష్‌లు ఆఫ్‌సెట్‌వి, అంటే ఎల్‌ఎన్‌బీ గొడుగుకి నడిమధ్యన కాకుండా కింది వైపు ఉండేవి, ముఖం అంతకంటే ఇరవై డిగ్రీలకు పైనే కిందికి చూస్తుంది.

ఇల్లు ఒకటే, డిష్ ఒకటే అయితే నాలుగు వేలు పోసి డిజిటల్ కొనకండి. ముల్లు మీటరొకటి, టీవీ ముందు ఒక మనిషి, బాక్స్‌లో సిగ్నల్ పేజీ చాలు. "క్వాలిటీ ఎంత?" అని అడుగుతూ తిప్పండి. బాక్స్ లాక్ అవడానికి ఒకట్రెండు సెకన్లు పడుతుంది కాబట్టి జరిపాక ఆగాలి, గబగబా తిప్పితే దాటిపోతుంది. మీటరు కలిపేముందు బాక్స్ స్విచ్ ఆపేయండి. వైరు కొసన ఉండే ఎఫ్ కనెక్టర్‌లో, వైరు చుట్టూ ఉండే జాలీ పోగు ఒక్కటి మధ్య తీగకి తగిలితే ఆ 18 వోల్టులు షార్టవుతాయి. ఆ ఇంట్లో పని అయ్యాక ముల్లు మీటరుని వైరు మధ్యలో వదిలేయకుండా తీసేయండి. అది కూడా కొంత సిగ్నల్ తింటుంది.

ఊళ్లో పది ఇళ్లకి పని చేస్తానంటే మాత్రం నేరుగా ఎస్2 మీటరుకే వెళ్లండి. దాంతోపాటు రెండు కొసలకీ కనెక్టర్లు గట్టిగా నొక్కిన ఒక మీటరు (మూడడుగుల) పొడవున్న ఆర్‌జీ-6 రకం డిష్ వైరు ముక్క ఒకటి సంచిలో వేసుకోండి.