జిమ్ బ్యాగులో డైక్లోఫెనాక్ జెల్: ఎంతవరకు అక్కరకు వస్తుంది?

బరువులు ఎత్తేవారికి దెబ్బ తగలకుండానే, ఎప్పుడు మొదలైందో చెప్పలేని చిన్న నొప్పులు వస్తూనే ఉంటాయి. నాకు పుల్-అప్స్ ఎక్కువైన వారాల్లో మోచేయి బయటివైపు, బెంచ్ ప్రెస్‌లో బరువు పెంచినప్పుడు భుజం ముందు భాగంలో సన్నగా లాగుతుంది. ఇలాంటి నొప్పికి మెడికల్ షాపులో తరచుగా చేతిలో పెట్టేది డైక్లోఫెనాక్ జెల్. దీన్ని రెండు రకాలుగా వాడి చూశాను: డైక్లోఫెనాక్ డైఇథైలమైన్ 1.16 శాతం మాత్రమే ఉన్న సాదా జెల్ ఒకటి, అదే మందుకు మిథైల్ సాలిసిలేట్, మెంథాల్, అవిసె నూనె కలిపినది మరొకటి.

కలిపిన రకం రాసిన కాసేపటికే చల్లగా, హాయిగా ఉంటుంది. ఆ చల్లదనం చర్మంలోని నాడులపై మెంథాల్ చూపే ప్రభావమే తప్ప, లోపలి వాపు తగ్గినందుకు గుర్తు కాదు; డైక్లోఫెనాక్ పని నెమ్మదిగా సాగుతుంది. పైగా ఆఫీసు లిఫ్టులో అందరూ మనవైపు తిరిగి చూసేంత వాసన. సాదా జెల్‌కు ఈ హంగులేవీ లేవు కనుకనే నా ఓటు దానికి.

మోచేయి, మణికట్టు, మోకాలు వంటి చర్మానికి దగ్గరగా ఉండే చోట్ల ఇది బాగానే పనిచేస్తుంది. మాత్రతో పోలిస్తే రక్తంలో కలిసే మందు చాలా తక్కువ కాబట్టి కడుపుపై భారమూ తక్కువే. మందపాటి కండరాల కింద దాగిన తుంటి కీలుకు, నడుముకు మాత్రం ఏనుగు దాహానికి చూరు నీళ్లే.

అయితే వ్యాయామానికి ముందు దీన్ని రాసుకోవడం నాకు సమ్మతం కాదు. ఏ బరువు దగ్గర ఆగాలో చెప్పేది ఆ నొప్పే, దాన్ని కప్పిపుచ్చి సెట్లు పూర్తి చేయడంలో లాభం లేదు; వేళ్లకు జిడ్డు మిగిలితే బార్ పట్టు జారడం అదనపు తలనొప్పి. పదిలో మూడు, నాలుగుకు మించని నొప్పి మరునాటి ఉదయానికి ఎప్పటి స్థాయికి వస్తే సాధన కొనసాగించవచ్చన్నది ఫిజియోథెరపిస్టులు సాధారణంగా చెప్పే కొలమానం. అంతకు మించితే బరువు తగ్గించడం, బార్‌ను నెమ్మదిగా దించడం, పుల్-అప్స్‌లో అరచేతులు ఎదురెదురుగా ఉండేలా పట్టు మార్చడం మోచేతికి జెల్ కంటే ఎక్కువ మేలు చేశాయి. వ్యాయామం చేసిన ఒకటి రెండు రోజుల తరువాత పతాక స్థాయికి చేరి తనంతట తాను తగ్గిపోయే కండరాల సలుపుకు జెల్ ఖర్చు దండగే.

గాయమైన చర్మంపై దీన్ని రాయకూడదు, రాసిన చోట బిగుతుగా కట్టు కట్టకూడదు, వేడి కాపడం పెట్టకూడదు. ఆస్పిరిన్ పడని ఆస్తమా రోగులు, గర్భిణులు డాక్టరును అడగకుండా వాడరాదు. తిమ్మిరి, కీలు వాపు, రాత్రి నిద్ర చెడగొట్టే నొప్పి ఉన్నప్పుడు, లేదా రెండు వారాలైనా తగ్గనప్పుడు ట్యూబు పక్కన పెట్టి ఆర్థోపెడిక్ డాక్టరుకు చూపించుకోవాలి.

ధర విషయానికి వస్తే, మోకాలికి పూటకు 2 గ్రాముల చొప్పున మూడు పూటలా రాస్తే 30 గ్రాముల ట్యూబు ఐదు రోజుల్లో ఖాళీ అవుతుంది. మోచేతికి అంత అవసరం పడదు కాబట్టి చిన్న ట్యూబే చాలు. అదీ జనరిక్ మందుల షాపులో, లేబుల్‌పై 1.16 శాతం అని చూసి తీసుకుంటే సరిపోతుంది.