హాలేనా, బోర్న్‌మతా, బర్మింగ్‌హామా: ముందు ఏది వినాలి?

ఇంగ్లండ్ ఆర్కెస్ట్రాలంటే చాలామంది లండన్ దగ్గరే ఆగిపోతారు. లండన్ దాటితే తరచుగా వినిపించే పేర్లు ఈ మూడు. వాయించడంలో ఏదీ తీసిపోదు, కాబట్టి ఏం వాయిస్తాయో చూసి ఎంచుకోవడమే నయం.

మాంచెస్టర్‌లోని హాలేది 1858 నాటి చరిత్ర. చార్లెస్ హాలే అనే జర్మన్ పియానిస్టు పెట్టాడు, ఆయన పేరే దానికి స్థిరపడింది. ఇంగ్లిష్ స్వరకర్త ఎల్గార్ మొదటి సింఫనీని (అంటే ఆర్కెస్ట్రా మొత్తం కోసం రాసిన, కొన్ని భాగాలుండే పెద్ద రచనని) 1908 డిసెంబరులో కండక్టర్ హాన్స్ రిక్టర్ నాయకత్వంలో లోకానికి మొదట వినిపించింది వీళ్లే, ఏడాది తిరిగేసరికి అది దాదాపు వంద కచేరీల్లో మోగిందంటే అప్పట్లో ఎంత సంచలనమో ఊహించుకోండి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో వాద్యకారులు చాలామంది వెళ్లిపోతే, 1943లో న్యూయార్క్ నుంచి తిరిగొచ్చిన కండక్టర్ బార్బిరోలీ కొన్ని వారాల్లోనే కొత్తవాళ్లను ఏరి తెచ్చి ఆర్కెస్ట్రాను మళ్లీ నిలబెట్టాడు. మరో ఇంగ్లిష్ స్వరకర్త వాన్ విలియమ్స్ తన ఎనిమిదో సింఫనీని ఆయనకే అంకితమిచ్చాడు, 1956లో దాన్నీ మొదట వాయించింది హాలేనే. ఇంగ్లిష్ సింఫనీ సంగీతం వీళ్లకు సొంత ఇంటి భాష లాంటిది.

బోర్న్‌మత్ కథ వేరు. సముద్రతీర పట్టణానికొచ్చే జనం కోసం 1893లో డాన్ గాడ్‌ఫ్రే 30 మందితో మొదలుపెట్టిన మునిసిపల్ బ్యాండ్ అది! ఇప్పుడు ఉండేది పక్కనే ఉన్న పూల్‌లో, పేరు మాత్రం పాతదే. 2009 నుంచి 2024 దాకా నడిపించిన ఉక్రెయిన్ కండక్టర్ కిరిల్ కరాబిత్స్ వల్ల అర్మేనియా తెర్తెర్యాన్, అజర్‌బైజాన్ కారా కరాయెవ్, ఉక్రెయిన్ ల్యాతోషిన్‌స్కీ లాంటి స్వరకర్తల రచనలు వీళ్ల రికార్డింగుల్లోకి వచ్చాయి. వేరేచోట వెతికినా ఇవి అంత తేలిగ్గా దొరకవు.

బర్మింగ్‌హామ్ గురించి రెండు ముక్కలు చాలు. 1920లో తొలి సింఫనీ కచేరీకి ఎల్గారే కండక్టర్, కానీ అసలు పేరు తెచ్చింది 1980లో పగ్గాలు పట్టి 1998 దాకా ఉన్న కండక్టర్ సైమన్ రాటిల్. స్వరకర్త మాలర్ సింఫనీలు కావాలంటే రాటిల్ కాలపు రికార్డింగులు వెతకండి.

నా లెక్కలో కొత్తగా వినేవాళ్లకు హాలేనే మేలు. బీథోవెన్, బ్రామ్స్ అన్నీ వినేసి కొత్తదేమైనా ఉందా అని చూస్తున్నవాళ్లు మాత్రం నేరుగా బోర్న్‌మత్‌కే వెళ్లాలి, అక్కడ టైమ్ వేస్ట్ కాదు. హాలేతో మొదలుపెట్టేవాళ్లు కండక్టర్ మార్క్ ఎల్డర్ నడిపించిన ఎల్గార్ మొదటి సింఫనీ వినండి. మొత్తం 50 నిమిషాల దాకా ఉంటుంది. అంత ఓపిక లేకపోతే మూడో భాగం, ఆ నెమ్మదిగా సాగే అడాజియో, ముందు పెట్టుకోండి.