టీ బ్యాగులు: కాగితమనుకున్నది ఎంతవరకు కాగితం?

పట్టులా మెరిసే పిరమిడ్ టీ బ్యాగులో ఆకు విచ్చుకోవడానికి చోటుంటుంది, రంగూ బాగా దిగుతుంది. కానీ ఆ వల ఎక్కువగా నైలాన్ లేదా పెట్ (PET, నీళ్ల సీసాలు చేసే రకం) ప్లాస్టిక్. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో 2019లో ఇలాంటి ఖాళీ సంచులను 95 డిగ్రీల నీళ్లలో ఉంచితే, ఒక్కోదాని నుంచి 1,160 కోట్ల మైక్రోప్లాస్టిక్ కణాలు లెక్కతేలాయి. ఆ లెక్క మరీ ఎక్కువని ఇతర శాస్త్రవేత్తలు అభ్యంతరం చెప్పారు. సంచి ప్లాస్టిక్ అన్నదాంట్లో మాత్రం తేడా లేదు.

"మొక్కజొన్నతో చేసింది" అని రాసినా అది పీఎల్ఏ (PLA) అనే పదార్థం, అంటే అదీ ప్లాస్టిక్కే. 60 డిగ్రీల దాకా వేడెక్కే పెద్ద కంపోస్టు కేంద్రాల్లో కుళ్లి ఎరువులో కలుస్తుంది గానీ పెరట్లోని ఎరువు గుంటలో ఏళ్లు గడిచినా ఉండిపోతుంది.

అసలు మోసపోయేది మామూలు కాగితం సంచితోనే. పిన్ను లేకుండా అంచులు వేడితో అతికించి ఉంటే, అతుక్కోవడానికి కాగితంలో పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ పోగులు కలిపి ఉండొచ్చు. వాడిన సంచిని కుండీ మట్టిలో పాతి చూడండి: కాగితం కుళ్లాక సాలెగూడులాంటి పలుచని పొర మిగిలితే అది ప్లాస్టిక్. మడిచి, పిన్ను కొట్టిన రెండు అరల సంచులకు ఈ పోగుల అవసరం లేదు. బ్యాగులే కావాలంటే అవి కొనండి.

మా ఓటు విడి టీ పొడికే. కప్పుకు 2 గ్రాములు, వడకట్టడానికి అంతా స్టీలుతో చేసిన జల్లెడ. ప్లాస్టిక్ జాలీది వద్దు. మరిగే టీ పడీపడీ అది పెళుసెక్కి పోగులు రాలుస్తుంది.