ఇస్తాంబుల్ బుధవారం సంత, 600 లీరాల కుసుమ పువ్వు

ముందు నా ఏడుపు చెప్పుకుంటాను. ఇస్తాంబుల్‌లో టూరిస్టులు కిక్కిరిసే ఒక వీధిలో ఒక మసాలా కొట్టతను మాకు 20 గ్రాముల కుంకుమపువ్వు 600 లీరాలకు అంటగట్టాడు. మేం వెళ్లింది 2024 మే నెలలో. అప్పుడు లీరా అంటే మనకు సుమారు రెండు రూపాయల అరవై పైసలు. లెక్క వేస్తే 1,560 రూపాయలు. కూర్చోబెట్టి ఆపిల్ టీ పోశాడు, మా అత్తమ్మను "అన్నే" అని పిలిచాడు. అన్నే అంటే వాళ్ల భాషలో అమ్మ. అంతే, మా ఆయన కరిగిపోయారు. గ్రాము 78 రూపాయలకు అసలు కేసర్ ఎక్కడైనా వస్తుందా? ఆ టీ గ్లాసు చేతిలో ఉండగా నాకూ తట్టలేదు, అది వేరే సంగతి.

రాత్రి హోటల్లో అత్తమ్మ డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. రెండు రేకలు వేళ్ల మధ్య నలిపింది. "వాసనే లేదు బిడ్డా. గిది మన కుసుమ పువ్వు లెక్కనే ఉంది" అంది. వాళ్లది జహీరాబాద్ దగ్గర పల్లె. శనగ చేను చుట్టూ కుసుమ వేసి, ఆ ముళ్లతో పశువుల్ని ఆపుకున్న ఇల్లు. ఆయన మాత్రం "అమ్మా, నీకు తెల్వదు, ఊకో" అని లైటు ఆపేశారు.

ఆ ట్రిప్పులో అత్తమ్మ అప్పటికే నీరసంగా ఉంది. మూడు రోజులు మసీదులు, మహళ్లు, పడవ షికారు. అన్నీ బాగానే ఉన్నాయి, ఆవిడకు ఏదీ పట్టలేదు. నాలుగో రోజు బుధవారం. ఫాతిహ్ మసీదు చుట్టుపక్కల సంత జరుగుతుందని హోటల్లో పనిచేసే అమ్మాయి చెప్పింది. పేరు చర్షంబా పజారీ. ఫోనులో అనువాదం చూస్తే "బుధవారం ఆదివారం" అని వచ్చింది. టర్కిష్‌లో పజార్ అంటే బజారు, ఆదివారం కూడా అదే మాట. మా ఆయన వెళ్లాల్సిన రోజు ఏదో తేలక పావుగంట టెన్షన్ పడ్డారు.

మెట్రోలో వెజ్‌నెజిలెర్ స్టేషన్‌లో దిగి, నాలుగో శతాబ్దం నాటి రోమన్ల నీటి వంతెన కమానుల పక్కగా నడిచాం. ఇరవై నిమిషాలు పట్టింది. పెద్దవాళ్లుంటే మెల్లగా నడవండి, కొంచెం ఎక్కుడు.

సంత అంటే మైదానం అనుకున్నాను. కాదు, మామూలు ఇళ్ల మధ్య వీధులే. ఈ పక్క మేడకూ ఆ పక్క మేడకూ తాళ్లు కట్టి టార్పాలిన్లు లాగారు. వాటి కింద ఒక వీధి నిండా కూరగాయలు, ఇంకో వీధి నిండా మేజోళ్లు, లోబట్టలు, గిన్నెలు. పై అంతస్తు ఆవిడ కిటికీలోంచి తాడుకు బుట్ట కట్టి దింపితే, కింద టమాటాలతను నింపి పంపాడు. కొనేవాళ్లంతా అక్కడి ఆడవాళ్లే. ప్రతి ఒక్కరి వెనకా చక్రాల సంచీ. అది రెండుసార్లు నా కాలి మీంచి వెళ్లింది, ఒక్కరూ వెనక్కి తిరిగి చూడలేదు.

"గెల్ వతందాష్ గెల్!" అని అరుపులు. రండి జనులారా రండి అన్నట్టు. మధ్యలో ఒకడు "తాజే తాజే" అన్నాడు. అత్తమ్మ ఆగిపోయింది. "తాజా అంటున్నడు గదా!" జహీరాబాద్ మనిషి, ఉర్దూ చెవినపడి పెరిగింది. జున్నును చూపించి "పెయ్‌నిర్" అంటే పన్నీర్ అని తనే చెప్పేసింది. కర్పూజ్ అంటే ఖర్బూజా అనుకుంటే పుచ్చకాయ చేతికొచ్చింది, అక్కడొక్కటే దెబ్బతింది. ఇక ఆ తర్వాత మేం ఆవిడ వెనక నడిచాం.

మీరు వెళ్తే ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: సెచ్‌మెజె. అట్టముక్క మీద ఆ మాట ఉంటే కాయలు మనం ఏరుకోవచ్చు. లేకపోతే చెయ్యి పెట్టనివ్వరు. ముందు వరసలో మెరిసేవి పేర్చి, వెనక నుంచి తీసి సంచీలో వేస్తారు. నేను కిలో 70 లీరాలకు కొన్న స్ట్రాబెర్రీల్లో నాలుగు మెత్తబడినవి వచ్చాయి. అత్తమ్మ వాటిని బండి మీద వరసగా పెట్టి అతని మొహంలోకి చూస్తూ నిలబడింది. ఒక్క మాట మాట్లాడలేదు. అతనే నవ్వి గుప్పెడు మంచివి వేశాడు. తినేవాటికి ధర రాసి ఉంటుంది, బేరం పెద్దగా సాగదు. బట్టల దగ్గర అడగొచ్చు. అంచుకు సూదితో పూల అల్లిక ఉన్న తలగుడ్డ 100 అంటే 75కి ఇచ్చారు. ఆ అల్లికను ఓయా అంటారు. పెద్ద నూలు తువ్వాలు 150. నోట్లు ఉంచుకోండి, కార్డు అంటే చాలామంది తల అడ్డంగా ఊపారు.

మసాలాల బండి దగ్గరకొచ్చాం. సంచీ నిండా నారింజ రంగు రేకలు, మీద అట్టముక్క: అస్పీర్, 100 గ్రాములు 40 లీరాలు. అత్తమ్మ హ్యాండ్‌బ్యాగులోంచి మన డబ్బా తీసింది. తెచ్చుకుంది చూశారా! మూత తీసి బండి ఆవిడకు చూపించి, వేలితో సంచీని చూపించింది. ఆవిడ ఒక రేక తీసి నాలుక మీద పెట్టుకుని "అస్పీర్" అంది. అంటే మన కుసుమే. ఎంతకు కొన్నారని సైగ చేసింది. నేను ఫోనులో 600 అని కొట్టి చూపిస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పక్క బండి వాళ్లను కూడా పిలిచింది. మా ఆయన మేజోళ్ల వీధిలోకి వెళ్లిపోయారు.

మాకు పడింది 20 గ్రాములకు 600, ఇక్కడ అదే 20 గ్రాములు 8 లీరాలు. మర్నాడు ఆ కొట్టుకు వెళ్లి అడిగాం. అతను డబ్బా అడుగున చిన్న అక్షరాలు చూపించాడు: తుర్క్ సఫ్రానీ, అంటే టర్కీ కుంకుమపువ్వు. కుసుమను అక్కడ ఆ పేరుతో అమ్ముతారట. "నేను అబద్ధం చెప్పలేదే" అన్నాడు. ఈసారి టీ లేదు. కుంకుమపువ్వు కొనాలనుంటే ఇది చూసుకోండి: అసలుది ముదురు ఎరుపు పోగు, ఒక చివర బాకాలా విచ్చుకుని ఉంటుంది, నీళ్లలో వేస్తే రంగు నెమ్మదిగా దిగుతుంది. కుసుమవి వెంట్రుకల్లాంటి నారింజ రేకలు.

మళ్లీ సంత రోజుకొస్తే, ఆ మధ్యాహ్నం గోజ్‌లెమె తిన్నాం, ఒక్కోటి 80. ఒకావిడ కర్రంత సన్నటి పొడవాటి అప్పడాలకర్రతో ముద్దను గుడ్డలా పరిచి, పాలకూర, జున్ను పెట్టి మడిచి పెనం మీద వేసింది. ముద్ద కర్రకు చుట్టుకుని తిరుగుతుంటే అత్తమ్మ కన్నార్పలేదు. మూడు రోజులుగా సగం సగం తింటున్న మనిషి రెండు లాగించింది. మసీదు ఆవరణలో కాసేపు నడుం వాల్చాం. ఆ పేట కాస్త సంప్రదాయాల పేట, ఆడవాళ్లు చున్నీ ఉంచుకోండి, అడగకుండా ఫొటోలు తియ్యొద్దు.

సాయంత్రం దాకా ఉంటే మరీ మంచిది. సర్దేసే ముందు ధరలు పడిపోతాయి, దాన్ని అక్షామ్ పజారీ అంటారు. పొద్దున కిలో 70 అన్న స్ట్రాబెర్రీలు రెండు కిలోలు 70కి వచ్చాయి. మా ఆయనే బేరం చేశారు, కొంచెం పరువు దక్కించుకుందామని. హోటల్‌కు చేరేసరికి అడుగు కాయలు నలిగి, 150 పెట్టి కొన్న తెల్ల తువ్వాలంతా ఎర్రగా అంటుకుంది. సబ్బు పెట్టి ఎంత రుద్దినా వదల్లేదు. అత్తమ్మ బాత్‌రూమ్ గుమ్మం దగ్గర నిలబడి చూసి, "గిదైతే అసలు రంగే" అంది.