టారో పేకతో రోజూ రాయడం: స్మిత్-వెయిట్ సెంటెనియల్ పేక ఎంత పనికొస్తుంది?

టారో అంటే పాశ్చాత్యులు జోస్యానికి వాడే బొమ్మల పేక. జోస్యం కోసం కాకుండా, బొమ్మ చూసి కథ రాయడం కోసం దాన్ని కొనేవాళ్లు ముందు చూడాల్సింది చిన్న ముక్కల్ని, అంటే ఆసు నుంచి పది దాకా ఉన్న అంకెల ముక్కల్ని. మార్సెయ్ అనే పాత ఫ్రెంచి రకం టారో పేకలో ఐదు కప్పుల ముక్క మీద ఐదు కప్పులే ఉంటాయి. మన పాతకాలపు గుండ్రటి పేక, దశావతార గంజీఫా కూడా ఇంచుమించు అంతే. 120 ముక్కల్లో రాజు, మంత్రి బొమ్మలు పోను మిగతావన్నీ గుర్తుల లెక్కే. ఆటకి అది చాలు, కథకి చాలదు.

1909లో లండన్‌లో విలియం రైడర్ సంస్థ వేసిన పేకలో ఈ లోటు తీరింది. ఎ.ఇ. వెయిట్ రూపకల్పనకి పమేలా కోల్మన్ స్మిత్ బొమ్మలు గీశారు. ఆమె గీసిన ఐదు కప్పుల ముక్కలో నల్లటి దుప్పటి కప్పుకున్న మనిషి తల వంచుకుని, ఒలికిపోయిన మూడు కప్పుల్ని చూస్తూ ఉంటాడు. వెనకాల రెండు కప్పులు నిలబడే ఉన్నాయి. ఏటి అవతల కోట, మధ్యలో వంతెన. అతను వెనక్కి తిరుగుతాడా లేదా అన్న దగ్గర కథ మొదలైపోయింది. స్మిత్‌కి లండన్ లైసియం నాటకశాల వాళ్లతో దగ్గరి పరిచయం ఉండేది. కొన్ని ముక్కల్లో మనుషుల వెనక అడ్డంగా ఒక గీత, దాని అవతల చదునుగా ఊరూ కొండలూ కనిపిస్తాయి. సురభి నాటకంలో తెర ముందు పాత్ర నిలబడ్డట్టే ఉంటుంది.

పేక వందేళ్ల సందర్భంగా యూఎస్ గేమ్స్ సిస్టమ్స్ 2009లో తెచ్చిన సెంటెనియల్ ఎడిషన్‌లో రంగులు మెత్తగా, పాతకాగితం ఛాయలో ఉంటాయి. అదే సంస్థ మామూలు రైడర్ పేకలోని పసుపు, నీలం కంటికి గుచ్చుకుంటాయి. ఒకే బొమ్మని ఐదు నిమిషాలు చూస్తూ కూర్చోవాలంటే సెంటెనియలే మేలు.

మొత్తం 78 ముక్కలు. అన్నీ ఒకే కట్టగా కలిపి వాడటం కొత్తవాళ్లు చేసే పొరపాటు. మూడు కట్టలు చేసుకోండి. కప్పులు, కత్తులు, కర్రలు, పెంటకిల్స్ (నాణేల్లాంటి బిళ్లలు) అన్న నాలుగు గుర్తుల్లోనూ రాజు, రాణి, నైట్ (గుర్రపు యోధుడు), పేజ్ (కొలువు కుర్రాడు) కలిపి 16 బొమ్మ ముక్కలు: వీటిలో కదలిక తక్కువ, ఎక్కువమంది కూర్చునో నిలబడో ఉంటారు కాబట్టి పాత్రలకి పనికొస్తాయి. ఆసు నుంచి పది దాకా 40: ఇవి సీన్లు. నాలుగు ఆసుల్లో మబ్బులోంచి వచ్చిన చెయ్యి తప్ప మనుషులు ఉండరు. మూడు కత్తుల్లో గుండె, ఎనిమిది కర్రల్లో గాలిలో ఎగిరే కర్రలు. అవి పోను 34 ముక్కల్లో మనిషి ఉన్నాడు. ఈ పేక ప్రాణమంతా ఆ 34లోనే ఉంది. ఇక ఈ గుర్తులేవీ లేకుండా టవర్ (గోపురం), డెత్ (చావు) లాంటి పేర్లున్న 22 మేజర్ ముక్కలు పెద్ద మలుపులకి దాచుకోవాలి. రోజూ టవరూ డెత్తూ వస్తుంటే ప్రతి కథలోనూ ఎవరో ఒకరు చస్తారు, రాతలో చిన్న విషయాలకి చోటుండదు.

కూర్చునే పద్ధతి ఇది. బల్ల మీద మెత్తటి నూలు గుడ్డ పరవండి, దుమ్ము గీతలు ముక్కల మీద పడవు. ముక్కలు దాదాపు 7 సెంటీమీటర్ల వెడల్పు, 12 పొడవు. మామూలు పేకలా వంచి చరచరా కలిపితే మధ్యలో వంపు పడి అలాగే ఉండిపోతుంది. బోర్లించి గుడ్డ మీద పరిచి రెండు చేతులతో ఒక నిమిషం కలియబెట్టండి. కొత్త పేక వరసలో ఉంటుంది కాబట్టి మొదటిసారి ఇంకాసేపు కలపాలి. సీన్ల కట్టలోంచి ఒక్క ముక్క తీయండి. తలకిందులుగా వస్తే సరిగ్గా తిప్పుకోండి, తలకిందుల అర్థాలు జోస్యానికి సంబంధించిన గొడవ.

మొదటి మూడు నిమిషాలు కనిపించిందే రాయాలి. బాధ, మోసం, ఆశ లాంటి మాటలు ఈ మూడు నిమిషాల్లో రాకూడదు. ఏడు కత్తుల ముక్క వచ్చిందనుకోండి: డేరాల దగ్గర్నుంచి ఒకడు మునివేళ్ల మీద జారుకుంటున్నాడు, చేతుల్లో ఐదు కత్తులు, రెండు నేలలో దిగి ఉన్నాయి, ముఖం వెనక్కి తిరిగి ఉంది. తర్వాత ఒక క్రియ ఎంచుకోండి, ‘జారుకోవడం’. ఒక ప్రశ్న, ‘ఆ రెండూ ఎందుకు వదిలేశాడు?’ దానికి జవాబుగా ఇరవై నిమిషాలు రాయండి. అయ్యాక తారీఖు, ముక్క పేరు, రాసినదాంట్లో మొదటి వాక్యం నోటుబుక్కులో ఎక్కించి గుడ్డ మడిచేయండి. గుడ్డ పరవడం, మడవడం ఈ రెండూ ప్రతిసారీ ఒకేలా జరగాలి. మంత్రాలు అక్కర్లేదు. ఒకే చేతిపని రోజూ ముందుంటే, అది మొదలవగానే రాయడానికి మనసు సిద్ధపడుతుంది. దీపమో అగరువత్తో పెట్టుకుంటే పేకకి మూరెడు దూరంలో ఉంచండి. నిప్పురవ్వ పడితే పై పూత కరిగి మచ్చ పోదు.

దీన్ని దెబ్బతీసేది ఒక్కటే అలవాటు: నచ్చని ముక్క వస్తే ఇంకోటి తీయడం. అష్టావధానంలో దత్తపది అడిగిన పృచ్ఛకుడు నాలుగు పదాలిచ్చాక, ఇవి వద్దు మార్చండి అని అవధాని అనడు. వస్తువుకి పొసగని పదాన్ని పాదంలో ఇమిడ్చినప్పుడే సభ చప్పట్లు కొడుతుంది. ఇక్కడ పృచ్ఛకుడి పని ముక్క చేస్తుంది. రెండో ముక్క తీసిన రోజు, ముందే మనసులో ఉన్న కథకి సరిపోయే బొమ్మ కోసం వెతుకుతున్నట్టే లెక్క.

‘మళ్లీ అదే వచ్చింది, ఏదో సూచన’ అనుకోవడం ఇంకో చిక్కు. మొత్తం 78లోంచి రోజుకొకటి తీసి తిరిగి కలిపేస్తుంటే, 11 రోజుల్లో ఏదో ఒక ముక్క రెండోసారి కనిపించే అవకాశం సగానికి మించే ఉంటుంది. అదంతా లెక్కే, భయపడాల్సిందేమీ లేదు. ఈ బెడద వద్దనుకుంటే తీసిన ముక్కని పక్కన పెట్టేయండి. సీన్ల కట్ట 40 రోజుల్లో అయిపోతుంది, మండలం దీక్షకి ఒక్క రోజు తక్కువ. ఆఖరి పది రోజుల్లో ఏ ముక్కలు మిగిలాయో నోటుబుక్కు చూస్తే తెలిసిపోతుంది కాబట్టి వాటి మీద ముందే ఆలోచించకుండా ఉండటం కష్టం. పేకలో ఈ పద్ధతికున్న లోపం అదొక్కటే.

కూడా వచ్చే చిన్న పుస్తకాన్ని మాత్రం అలమరాలో పెట్టేయండి. ఒక్కో ముక్కకీ రెండు మూడు మాటల అర్థాలు ఇచ్చి బొమ్మని మూసేస్తుంది. దాన్ని నెల రోజులు చూస్తే ఆరు కత్తులు రాగానే ‘ప్రయాణం’ అని రాసి ఊరుకుంటారు. బొమ్మలో పడవవాడు, ముసుగేసుకుని ముడుచుకున్న మనిషి, పక్కన పిల్ల, పడవలో నిలువునా దిగిన ఆరు కత్తులు ఉన్నాయి. ఆ కత్తులు పీకితే పడవలోకి నీళ్లొస్తాయేమో అన్న ఊహ పుస్తకంలో దొరకదు.

తెలుగులో రాసేవాళ్లకి నిజమైన ఇబ్బంది వేషభాషలు. ఐదు పెంటకిల్స్ ముక్కలో మంచు పడుతుంటుంది, వెలుగుతున్న చర్చి కిటికీ కింద నుంచి ఇద్దరు పేదవాళ్లు నడిచిపోతుంటారు, ఒకడు ఊతకర్రలతో. మంచునీ చర్చినీ అలాగే తెలుగులోకి దింపితే అరువు కథలా తేలిపోతుంది. లోపల వెలుతురు, బయట చలి, మధ్యలో గోడ, ఆ వరస ఒక్కటీ తీసుకోండి. కల్యాణమండపం బయట వానలో ఆగిన ఇద్దరు కూలీలు అక్కడ సరిగ్గా నిలబడతారు.

కొనేటప్పుడు నకిలీలతో జాగ్రత్త. ఆన్‌లైన్‌లో అనుమానం వచ్చేంత తక్కువ ధరకి అమ్మేవాటిలో ముక్కలు పలచగా ఉండి గీతలు అలుక్కుపోతాయి, పుస్తకం బదులు క్యూఆర్ కోడ్ అంటిస్తారు. ముక్క అంచున స్మిత్ గీసిన మెలికల సంతకం స్పష్టంగా కనిపించాలి. కోస్తా ఊళ్లలో వానాకాలం ముక్కలు తేమ పీల్చి వంగుతాయి. గుడ్డలో చుట్టి, మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో పెట్టండి. వంగినవాటిని రెండు నిఘంటువుల మధ్య రాత్రంతా ఉంచితే చాలావరకు సర్దుకుంటాయి.