కవనెంట్ ఐస్: నేత్రాశకు కాపలా పెట్టే యాప్, ఆ కాపలాకు కావలసిన మనిషి

బూతు వీడియోల అలవాటు నుంచి బయటపడాలనుకునే క్రైస్తవులకు అమెరికా సంఘాల్లో ముందుగా చెప్పే పేర్లలో కవనెంట్ ఐస్ ఒకటి. 2000లో రాన్ డిహాస్ మొదలుపెట్టిన ఈ కంపెనీ మిషిగన్ రాష్ట్రంలోని ఒవాసోలో ఉంది. పేరు యోబు గ్రంథం 31వ అధ్యాయం మొదటి వచనం నుంచి వచ్చింది: "నేను నా కన్నులతో నిబంధన చేసికొంటిని". 2023లో అక్కడి ప్రతినిధుల సభకు స్పీకర్ అయిన మైక్ జాన్సన్, తానూ తన కొడుకూ దీన్ని వాడుతున్నామని అంతకు ముందు ఏడాది ఒక చర్చిలో చెప్పిన వీడియో బయటికొచ్చాక సంఘాల బయట కూడా దీని పేరు తెలిసింది.

తీర్పు ముందే చెప్పేస్తే చదవడం తేలిక. ఆండ్రాయిడ్ ఫోన్, విండోస్ ల్యాప్‌టాప్ వాడేవారు, నిలదీసి అడిగే తోడు ఒకరు ఉంటే, దీనికి డబ్బు పెట్టవచ్చు. ఐఫోన్ ఒక్కటే ఉన్నవారికి పెట్టిన డబ్బుకు సగం పనే జరుగుతుంది. అడిగే మనిషి లేనివారు ఏ ఫోన్ వాడుతున్నా కొనక్కర్లేదు.

ఇది రెండు పనులు చేస్తుంది. ఒకటి వడపోత: బూతు సైట్లు తెరుచుకోకుండా ఆపడం, గూగుల్ వెతుకులాటలో బూతు ఫలితాలను దాచే సేఫ్‌సెర్చ్‌ను తప్పనిసరి చేయడం. ఈ మాత్రం పని ఉచిత సాధనాలూ చేస్తాయి. రెండోదానికే మనం చందా కడుతున్నాం. తెర మీద కనబడేదాన్ని యాప్ మధ్యమధ్యలో ఫొటో తీసి, అందులో ఏముందో పరీక్షించి, బాగా మసకబరిచి, మీరు ఎంచుకున్న మనిషికి కనబడేలా పెడుతుంది. ఆ మనిషిని కంపెనీ 'ఎలై' అంటుంది, మన మాటలో తోడు. ఆయన ఫోన్‌లో విక్టరీ అనే యాప్ ఉంటుంది. అందులో మీ రోజువారీ చిట్టా వస్తుంది, అనుమానం కలిగించేవి విడిగా పైకి తేలుతాయి. 2019కి ముందు సైట్ల చిరునామాలూ పదాలూ చూసి రేటింగ్ ఇచ్చేవారు, ఆ ఏడాది తెర ఫొటోల పద్ధతికి మారారు. మార్పు సరైనదే. ఇవాళ శోధన, అంటే పాపంలోకి లాగే ఆకర్షణ, ఇన్‌స్టాగ్రామ్ రీల్స్‌లోంచీ టెలిగ్రామ్ చానళ్లలోంచీ వస్తోంది. అక్కడ సైటు పేరు చూస్తే తెలిసేదేమీ ఉండదు.

మసక ఎంతంటే, అక్షరాలు చదవలేం, ముఖాలు గుర్తుపట్టలేం. ఏ యాప్ తెరిచి ఉందో, తెర మీద ఏ తరహా బొమ్మ ఉందో మాత్రం తెలుస్తుంది. మీ వాట్సాప్ మాటలు తోడు చదువుతాడన్న భయం అక్కర్లేదు. దీనికి ఇంకో వైపూ ఉంది. బొమ్మను చూసి తేల్చే పద్ధతి కాబట్టి తెలుగు అక్షరాల్లో సాగే బూతు కథలు దానికి ఆనవు. మీ బలహీనత అక్కడుంటే ఈ యాప్ మీకు మందు కాదు. మరోపక్క సినిమా పాటల థంబ్‌నెయిల్, ఈత దుస్తుల ప్రకటన లాంటివి అనుమానితాల్లోకి ఎక్కే అవకాశముంది. తోడు ఆ సంగతి ముందే తెలుసుకుని ఉంటే అనవసరపు పంచాయితీ ఉండదు.

ఆండ్రాయిడ్‌లో చిక్కంతా పెట్టే దశలోనే. యాప్‌కు యాక్సెసిబిలిటీ అనుమతి ఇవ్వాలి, అది లేకపోతే తెర దానికి కనబడదు. ఆ తర్వాతి మెట్టును చాలామంది వదిలేస్తారు. షావోమీ, రియల్‌మీ, వివో, ఒప్పో ఫోన్లు బ్యాటరీ ఆదా పేరుతో వెనకాల నడిచే యాప్‌లను చంపేస్తాయి. సెట్టింగ్స్‌లో ఆ యాప్ పేజీకి వెళ్లి ఆటోస్టార్ట్ ఆన్ చేయండి, బ్యాటరీ దగ్గర 'నో రిస్ట్రిక్షన్స్' ఎంచుకోండి, రీసెంట్ యాప్స్‌లో దానికి తాళం గుర్తు పెట్టండి. ఇవి చేయకపోతే యాప్ నిద్రపోతుంది, చిట్టా ఖాళీగా వస్తుంది, తోడేమో స్తోత్రం చెప్పుకుంటాడు. చిట్టా ఖాళీగా ఉందంటే ముందు అనుమానించాల్సింది ఫోన్‌నే. అన్నీ అయ్యాక ఫోన్ ఒకసారి ఆపి మళ్లీ వెలిగించండి. వార్తల సైటు ఏదైనా కాసేపు చూసి, అది తోడు ఫోన్‌కు చేరిందో లేదో అప్పుడే అడిగి తెలుసుకోండి.

కొన్ని బ్యాంకు యాప్‌లు యాక్సెసిబిలిటీ అనుమతి పొందిన యాప్ ఉంటే తెరుచుకోమని మొరాయిస్తాయి. మన దగ్గర ఇది పెద్ద తలనొప్పి. డబ్బు పంపడానికి అనుమతి తీసేస్తారు, మళ్లీ పెట్టడం మరిచిపోతారు. మరపు నిజంగా మరపేనా అన్నది వారానికోసారి తోడు అడగాల్సిన ప్రశ్న. బ్యాంకు పనికి ల్యాప్‌టాప్ వాడగలిగితే ఈ గొడవే ఉండదు.

ఐఫోన్‌లో ఒక యాప్ మిగతా యాప్‌ల తెరను అలా ఎడతెగక ఫొటో తీయడానికి యాపిల్ ఒప్పుకోదు. కాబట్టి అక్కడ కవనెంట్ ఐస్ చూడగలిగేది ప్రధానంగా సైట్ల పేర్లే. ఇన్‌స్టాగ్రామ్ లోపల ఏం చూశారో దానికి తెలియదు. ఐఫోన్ వాడేవారు 2018 నుంచి ఫోన్‌లోనే ఉన్న స్క్రీన్ టైమ్‌ను గట్టిగా బిగించుకోవడం మేలు. కంటెంట్ అండ్ ప్రైవసీ రిస్ట్రిక్షన్స్‌లో 'లిమిట్ అడల్ట్ వెబ్‌సైట్స్' ఎంచుకోండి. యాప్‌లు కొత్తగా ఎక్కించడాన్ని ఆపండి. ఇన్‌స్టాగ్రామ్ లాంటివాటికి రోజుకు 15 నిమిషాల పరిమితి పెట్టండి. పాస్‌కోడ్‌ను మీకు చూపించకుండా తోడే కొట్టాలి. మరిచిపోతే తిరిగి పొందడానికని ఆ వెంటనే యాపిల్ ఖాతా అడుగుతుంది. అక్కడ మీ ఖాతా ఇచ్చారంటే తాళంచెవి మీ దగ్గరే ఉన్నట్టు. తోడు ఖాతా ఇవ్వండి, లేదా ఆ మెట్టు దాటేయండి.

చందా కట్టే ముందు ఉచితంగా చేయగలిగేది ఇంకొకటి ఉంది. సైటు పేరు కొడితే దాని అంకెల చిరునామా వెతికిపెట్టే ఏర్పాటును డీఎన్ఎస్ అంటారు. క్లౌడ్‌ఫ్లేర్ అనే ఇంటర్నెట్ కంపెనీ 2020 ఏప్రిల్‌లో కుటుంబాల కోసం తెచ్చిన డీఎన్ఎస్ బూతు సైట్లను పేరు దగ్గరే ఆపేస్తుంది. ఇంటి రౌటర్‌లో డీఎన్ఎస్ గడుల్లో 1.1.1.3, 1.0.0.3 అని పెడితే వైఫై మొత్తానికీ వర్తిస్తుంది. ఫోన్‌లో అయితే, ఆండ్రాయిడ్ 9 నుంచి పైవాటిలో, నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో 'ప్రైవేట్ డీఎన్ఎస్' దొరుకుతుంది. అక్కడ హోస్ట్‌నేమ్ గడిలో ఫ్యామిలీ, చుక్క, క్లౌడ్‌ఫ్లేర్, అడ్డగీత, డీఎన్ఎస్, చుక్క, కామ్ అని ఖాళీ లేకుండా ఇంగ్లిష్‌లో కొట్టాలి. పది నిమిషాల పని. అయితే క్రోమ్ సెట్టింగుల్లో 'యూజ్ సెక్యూర్ డీఎన్ఎస్' దగ్గర వేరే కంపెనీ ఎంచుకుని ఉన్నా, వీపీఎన్ (నెట్‌ను వేరే దారిలో మళ్లించే సాధనం) ఉన్న బ్రౌజర్ ఒక్కటి ఫోన్‌లో ఉన్నా, ముందు గేటుకు తాళం వేసి దొడ్డి తలుపు బార్లా తీసినట్టే. పైగా ఈ సెట్టింగ్‌కు పాస్‌కోడ్ లేదు, మీరు పెట్టినదాన్ని మీరే తీసేయగలరు. రైల్వే స్టేషన్ వైఫైలో లాగిన్ పేజీ రాక తీసేసి అలాగే వదిలేసేవారూ ఉంటారు. అలవాటు ఇంకా ముదరనివారికి, పొరపాటున కంటబడేవాటిని ఆపడానికి ఇది చాలు. తెల్లవారుజాము దాకా వెతికేవాడు దీన్ని దాటేస్తాడు. 2018లో మన ప్రభుత్వం 827 సైట్లను మూయించినప్పుడు కూడా వెతికేవాళ్లు దారి కనిపెట్టుకున్నారు.

ఇక తోడు సంగతి. యాప్ పనిచేస్తుందా లేదా అన్నది తొంభై పాళ్లు ఇక్కడే తేలుతుంది.

మన సంఘాల్లో మొదట తట్టే పేరు పాస్టర్ గారిది. ఆయన వద్దు. పాటల బృందంలోంచి తీసేస్తారేమో, పెళ్లి సంబంధం దగ్గర మాట వస్తుందేమో అన్న భయం ఉన్నచోట ఎవరూ నిజం చెప్పరు, రెండో ఫోన్ కొంటారు. భార్యకు విషయం తెలియాలి గానీ రోజూ చిట్టా చూసే పని ఆమెకు అప్పగించకూడదు. చిట్టాలో ఎర్రగా కనబడిన ప్రతిదీ ఆమెకు గాయం అవుతుంది, ఇల్లు పోలీస్ స్టేషన్ అవుతుంది. అదే వారం అదే గుంటలో పడుతున్న స్నేహితుడూ పనికిరాడు, ఇద్దరూ ఒకరినొకరు ఓదార్చుకుని వదిలేస్తారు. నలభై దాటిన, ఈ పోరాటం ఎరిగిన, నోరు మూసుకోగల అన్న ఒకరిని వెతకండి. పురుషులకు పురుషుడు, స్త్రీలకు స్త్రీ. ఈ బలహీనత స్త్రీలకు ఉండదన్నట్టు మన కూడికల్లో మాట్లాడతారు. అందుకే సహాయం అడగడం వాళ్లకు రెండింతలు కష్టం.

నోరు మూసుకోగల అని ఎందుకన్నామంటే, 'ప్రార్థన అంశం' పేరుతో విషయాన్ని గ్రూపులో పెట్టేసే అలవాటు మనకుంది. ఫలానా తమ్ముడి కోసం ప్రార్థించండి, వివరాలు అడగకండి అంటే చాలు, సాయంత్రానికి వివరాలు అందరికీ చేరతాయి. ఒకసారి అలా జరిగితే ఆ మనిషి మళ్లీ ఎవరి దగ్గరా నోరు విప్పడు. తోడుగా ఉండటానికి ఒప్పుకునే ముందే ఈ మాట తేల్చుకోవాలి.

వారానికి ఒక రోజు, ఒకే వేళ, ఇరవై నిమిషాలు, ఎదురెదురుగా లేదా ఫోన్‌లో మాట్లాడాలి. మెసేజ్‌లో 'ఎలా ఉన్నావు బ్రదర్' అంటే 'ప్రభువు కృప' అని జవాబు వస్తుంది, అంతే. ప్రశ్నలు కొత్తగా కనిపెట్టక్కర్లేదు. 1738లో మెథడిస్టు ఉద్యమ స్థాపకుడు జాన్ వెస్లీ చిన్న బృందాలకు రాసిన నియమాల్లోనే ఉన్నాయి: పోయినసారి కలిశాక తెలిసి చేసిన పాపం ఏమిటి, ఎదురైన శోధనలేమిటి, వాటి నుంచి ఎలా విడుదల పొందావు. ఆ బృందాలు వారానికోసారి కలిసేవి, స్త్రీలూ పురుషులూ విడివిడిగా. మెదక్ కెథడ్రల్ కట్టింది వెస్లీ పరంపరలోని మిషనే. ఈ ప్రశ్నలు మన సంఘాలకు పరాయివేమీ కావు, వాడుక తప్పాయంతే.

చిట్టాలో తప్పు కనబడినప్పుడు తోడు మొదట అడగాల్సింది ఎందుకు చూశావని కాదు. ఏ గంటకు, ఎక్కడ కూర్చుని, దానికి ముందు ఏం జరిగింది అని. జవాబులు కొద్ది వారాల్లోనే ఒక వరసలో పడతాయి: రాత్రి పదకొండు దాటాక, పక్క మీద, ఒంటరిగా, ఆఫీసులో మాట పడిన రోజో పరీక్ష పోయిన రోజో. వరస తెలిశాక మందు తేలిక. ఫోన్ చార్జర్ పడకగదిలో ఉండకూడదు. పొద్దున లేవడానికి మామూలు అలారం గడియారం కొనాలి. హాస్టల్లో ఉండేవారు నిద్రకు ముందు ఫోన్‌ను రూమ్‌మేట్ అల్మారాలో పెట్టించాలి. పౌలు తిమోతికి రాసింది "యౌవనేచ్ఛలనుండి పారిపొమ్ము" అనే. ఫోన్ చేతిలో పట్టుకుని గంటసేపు ప్రార్థించి గెలవాలనుకోవడం భక్తిలా కనిపిస్తుంది గానీ, యోసేపు పోతీఫరు ఇంట్లో వస్త్రం వదిలేసి పరుగెత్తాడు. ఇంత చేసినా నిద్ర, చదువు, ఉద్యోగం దెబ్బతింటుంటే వైద్యుణ్ణో కౌన్సెలర్‌నో కలవాలి. ప్రార్థన మానేసి కాదు, దానితోపాటే.

ఒక హెచ్చరిక. 2022 సెప్టెంబరులో వైర్డ్ పత్రిక, అమెరికాలో కొన్ని సంఘాల నాయకులు సభ్యుల ఫోన్ల మీద ఇలాంటి యాప్‌లతో నిఘా పెడుతున్న తీరును రాసింది. ఆ సందర్భంలోనే యాక్సెసిబిలిటీ అనుమతిని వాడుతున్న పద్ధతిపై గూగుల్ అభ్యంతరం చెప్పి కవనెంట్ ఐస్‌నూ, అలాంటిదే అయిన అకౌంటబుల్‌టూయూనూ అప్పట్లో ప్లే స్టోర్ నుంచి తొలగించింది. యూత్ లీడర్ అందరి ఫోన్లలో యాప్ పెట్టించి చిట్టాలన్నీ తన దగ్గర ఉంచుకోవడం మన దగ్గర మొదలైతే, అలాంటి గుంపు నుంచి దూరంగా ఉండండి. ఎదిగిన పిల్లల ఫోన్‌లో పెట్టేటప్పుడు కూడా వాళ్లకు చెప్పి, వాళ్ల ముందే పెట్టండి. రహస్యంగా పెడితే వాళ్లు నేర్చుకునేది దాచడమే.

ధర కొన్నాళ్ల కిందట నెలకు సుమారు 17 డాలర్లు, అంటే రూ.1,400 పైనే ఉండేది, ఇప్పటి ధర కట్టే ముందు చూసుకోండి. బ్యాంకు వేసే మారక రుసుము అదనం. ఒక చందాతో ఇంట్లో పదిమంది దాకా వాడుకోవచ్చు. కాబట్టి తండ్రి, ఇద్దరు కొడుకులు, మూడు ల్యాప్‌టాప్‌లు ఉన్న ఇంటికి గిట్టుబాటే, ఒంటరి విద్యార్థికి బరువు. యాప్ తెలుగులో నడవదు, ఇంగ్లిష్ రావాలి, తోడును ఎంచుకునేటప్పుడు అదీ చూసుకోవాలి. 2021 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉన్న రిజర్వ్ బ్యాంకు నిబంధనల వల్ల, నెలనెలా కార్డు నుంచి దానంతటదే పోయే చెల్లింపులు విదేశీ కంపెనీలకు ఆగిపోవచ్చు. చందా ఆగిందేమో గడువు తేదీన చూసుకోండి. నచ్చక మానేస్తే మాత్రం, యాప్ తీసేసే ముందే తోడుకు ఫోన్ చేసి చెప్పండి. యాప్ తొలగించినట్టు ఆయనకు కబురు వెళ్తుంది, మంచి తోడైతే అర్ధరాత్రయినా మీకు ఫోన్ చేస్తాడు.