వాటర్ ప్లాంట్ ఆపరేటర్ కోర్సు, ఉద్యోగం గ్యారంటీ అంటున్నారా? రెండో వాయిదా కట్టకండి

అమీర్‌పేటలో మూడో అంతస్తులో ఉన్న ఆ శిక్షణ సంస్థ గురించే ఇదంతా. పేరు రాయడం లేదు, రాయనక్కరలేదు కూడా. నీటి సరఫరా ఉద్యోగాల వాట్సాప్ గ్రూపుల్లో ఉన్న ప్రతి ఒక్కరికీ ఆ నీలం రంగు పోస్టరు వచ్చే ఉంటుంది. పసుపు హెల్మెట్లు పెట్టుకున్న కుర్రాళ్ల వరస, వెనక ఒక పైపు, కింద పెద్ద అక్షరాలతో ‘ప్రభుత్వ గుర్తింపు, వంద శాతం ఉద్యోగం’. ఆ వరసలో ఎడమ నుంచి రెండోవాణ్ణి నేనే. నాకు ఉద్యోగం రాలేదు. నన్నడక్కుండా నా ఫొటోకు మాత్రం ఇచ్చారు, ప్రచారంలో.

నేపథ్యం క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే చెబుతుంటేనే ఒళ్లు మండుతోంది. ఐటీఐ ఫిట్టరు చదివాను. నల్గొండ జిల్లాలో మా పంచాయతీ పంపుహౌసులో తాత్కాలికంగా మోటారు చూస్తుంటాను. అక్కడే ఎన్నాళ్లున్నా ఆపరేటరు కాలేనని, ఫిల్టర్ ప్లాంటు పని నేర్చుకుంటే షిఫ్టు ఉద్యోగం దొరుకుతుందని ఆశ. ఆ ఆశ గాలిలోంచి పుట్టింది కాదు. మిషన్ భగీరథ 2016లో గజ్వేల్ దగ్గర మొదలైంది, జల్ జీవన్ మిషన్ 2019లో వచ్చింది, దాని గడువును ఇప్పుడు 2028 దాకా పొడిగించారు. ప్లాంట్లు కట్టారు, ట్యాంకులు లేపారు, ఇంటింటికీ కుళాయి బిగించారు. వాటిని నడిపే మనుషులు కావాలి కదా. పోస్టరులో రాసింది కూడా సరిగ్గా ఇదే. అబద్ధాన్ని అమ్మేవాడు ముందు ఒక నిజం చెబుతాడు.

ముప్పై రెండు వేలు ఫీజు, పరీక్షకు నాలుగున్నర వేలు, హెల్మెట్టుకు, కోటుకు విడిగా. చీటీ పాడి తెచ్చి కట్టాను. హెల్మెట్టు తరువాత వెనక్కి తీసుకున్నారు, తరువాతి బ్యాచ్ ఫొటోలకు కావాలట.

తరగతుల సంగతి. పాఠం చెప్పిన ఆయన ఏ ప్లాంటులోనూ పనిచేయలేదని మొదటి వారంలోనే తేలిపోయింది. సెంట్రిఫ్యూగల్ పంపు స్టార్టు చేసేటప్పుడు డెలివరీ వాల్వు, అంటే నీళ్లు బయటికి పోయే గొట్టం మీది వాల్వు, పూర్తిగా తెరిచి ఉంచాలని బోర్డు మీద రాశారు. మూసి ఉంచి స్టార్టు చేయాలి, మోటారు వేగం అందుకున్నాక మెల్లగా తెరవాలి, లేకపోతే మోటారు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది. పంపుహౌసులో పనిచేసే ఎవరినైనా అడగండి. నేను లేచి అన్నాను. ‘అది పాత పద్ధతి’ అన్నారాయన. సరే, కొత్త పద్ధతిలో మోటార్లు కాల్చుకుందాం అనుకుని కూర్చున్నాను.

ఫ్లోరైడ్ పాఠం వచ్చిన రోజు మాత్రం కూర్చోబుద్ధి కాలేదు. నీళ్లు బాగా మరిగిస్తే ఫ్లోరైడ్ పోతుందట! నల్గొండ వాడి ముందు ఆ మాట. నడుము వంగిపోయి, మోకాళ్లు కదలక, పెరట్లోకి కూడా పట్టుకుని తీసుకెళ్లాల్సిన పెద్దవాళ్ల మధ్య పెరిగాను నేను. మరిగిస్తే ఆవిరయ్యేది నీరు, ఫ్లోరైడ్ కాదు. మిగిలిన నీళ్లలో దాని మోతాదు ఇంకా పెరుగుతుంది. తాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము వరకు ఉండవచ్చు, వేరే నీళ్లు లేని చోట ఒకటిన్నర దాటకూడదు అని ప్రమాణం. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు వాడి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ శాస్త్రవేత్తలు తయారుచేస్తే, దానికి ప్రపంచమంతా పెట్టుకున్న పేరు ‘నల్గొండ టెక్నిక్’. నీటి శుద్ధి పాఠాల్లో మా జిల్లా పేరున్న పాఠమే ఆయనకు తెలియదు.

అప్పుడే లేచి వచ్చేయవలసింది. కానీ డబ్బు కట్టేశాం, ప్రాక్టికల్స్ ఉన్నాయన్నారు. ఆ ప్రాక్టికల్స్ కోసం ఆగాను.

ప్రాక్టికల్స్ ఎక్కడ జరిగాయో ఊహించండి. పక్క సందులో ఇరవై లీటర్ల క్యాన్లు నింపి ఆటోల్లో పంపే దుకాణంలో. నీళ్లను వడగట్టే రెండు మెంబ్రేన్ గొట్టాలు, ఒక ట్యాంకు, క్యాన్లు కడిగే అబ్బాయి. ఆ అబ్బాయే మా శిక్షకుడు. పాపం, తనకు తెలిసిందంతా చెప్పాడు. మున్సిపాలిటీకో పల్లెలకో నీళ్లిచ్చే ప్లాంటుకు, దీనికి పోలికే లేదు. అక్కడ నది నీళ్లొస్తాయి, వాటిలో పటిక కలపాలి, బురదను తేర్చాలి, ఇసుక ఫిల్టర్ బెడ్ల మీదుగా పంపాలి, బెడ్డు మూసుకుపోతే గాలి, నీళ్లు వెనక్కి కొట్టి కడగాలి, చివర క్లోరిన్ ఇవ్వాలి. ఇందులో ఒక్కటీ ఆ సందులో లేదు. హెల్మెట్లు పెట్టించి, క్యాన్లు కనపడకుండా పక్కకు జరిపి, ఫొటోలు తీశారు. పోస్టరులో వెనక కనిపించే ఆ పెద్ద పైపు పక్క అపార్ట్‌మెంటు వాళ్ల డ్రైనేజీ గొట్టం.

చివర్లో అందరికీ ‘ఏ’ గ్రేడు. ఒక్కరోజు కూడా తరగతికి రాని అతనికి ‘ఏ ప్లస్’.

ఆ కాగితం పట్టుకుని ఒక పట్టణంలో ప్లాంటు నడుపుతున్న కాంట్రాక్టరు దగ్గరకు ఇంటర్వ్యూకు వెళ్లాను. షిఫ్టు ఇన్‌చార్జి నెరిసిన జుట్టాయన, మర్యాదగా కూర్చోమన్నారు. మొదటి ప్రశ్న: ‘అరవై వేల లీటర్ల ట్యాంకు, రెండు పీపీఎం మోతాదు కావాలి, బ్లీచింగ్‌లో క్లోరిన్ పాతిక శాతం ఉంది. ఎంత పౌడరు కలుపుతావు తమ్ముడూ?’ మా నోట్సులో ఉన్నది ‘తగినంత’. అంతే. నేను తడబడుతుంటే ఆయనే నా సర్టిఫికెట్ జిరాక్సు వెనక లెక్క వేసి చూపించారు. లీటరుకు రెండు మిల్లీగ్రాములంటే మొత్తం నూట ఇరవై గ్రాముల క్లోరిన్, పౌడరులో ఉన్నది నాలుగో వంతే కాబట్టి నాలుగు రెట్లు, నాలుగు వందల ఎనభై గ్రాములు. ‘పౌడరు పాతబడితే ఆ పాతిక శాతం కూడా ఉండదు, మూతి విప్పిన సంచీని నమ్మకు’ అన్నారు. ముప్పై ఆరు వేలు కట్టినా దొరకని పాఠం నిలబడ్డచోట ఉచితంగా దొరికింది.

రెండో ప్రశ్న, జార్ టెస్టు ఎలా చేస్తావు? ఆరు బీకర్లలో నది నీళ్లు తీసుకుని, ఒక్కోదానిలో ఒక్కో మోతాదు పటిక వేసి, ముందు వేగంగా, తరువాత మెల్లగా కలిపి, తేరనిచ్చి, తక్కువ పటికతో ఏది తేటగా వచ్చిందో చూడాలని ఇప్పుడు నాకు తెలుసు. ఆరోజు తెలియదు.

మూడోది: ‘క్లోరిన్ టన్నరు లీకైంది. ఏం చేస్తావు?’ టన్నరంటే క్లోరిన్ నింపి ఉంచే పెద్ద సిలిండరు.

ఈ జవాబు మాత్రం నోట్సులో ఉంది, బట్టీ పట్టాను కూడా. లీకైన చోట నీళ్లు చల్లి అదుపు చేస్తాను సార్, అన్నాను.

ఆయన పెన్ను కింద పెట్టేశారు. కోప్పడలేదు. ‘ఇది నీకు ఎవరు నేర్పారు?’ అని మాత్రం అడిగారు. తరువాత బయటికి తీసుకెళ్లి షెడ్డులో పసుపు రంగు టన్నర్లు చూపించారు. ఒక్కోదానిలో తొమ్మిది వందల కిలోల క్లోరిన్ ఉంటుంది. కారే చోట నీళ్లు పడితే ఆమ్లం తయారై లోహాన్ని తినేస్తుంది, సూది బెజ్జం కాస్తా పెద్ద రంధ్రమవుతుంది. క్లోరిన్ గాలి కంటే దాదాపు రెండున్నర రెట్లు బరువు, నేలబారుగా పాకుతుంది, కాబట్టి గాలికి ఎదురు దిశలో, ఎత్తైన చోటికి వెళ్లాలి. శ్వాస పరికరం లేకుండా షెడ్డులోకి అడుగు పెట్టకూడదు. లీకు ఎక్కడుందో తెలియకపోతే అమ్మోనియాలో ముంచిన గుడ్డ కర్రకు కట్టి దగ్గరకు చాపితే తెల్లటి పొగ వస్తుంది. లీకు టన్నరు అడుగు వైపు ఉంటే దాన్ని దొర్లించి రంధ్రం పైకి వచ్చేలా చేయాలి, ద్రవం కారడం కంటే వాయువు రావడం మేలు. ఇవన్నీ చెప్పి, ప్రహరీ అవతల ఉన్న కాలనీ వైపు చెయ్యి చూపి, ‘ఆ ఇళ్లన్నీ నీ షిఫ్టు కిందే ఉంటాయి’ అన్నారు. ఉద్యోగం ఇవ్వలేదు. ఇవ్వకపోవడమే న్యాయం.

ఆయనే ఫోను తీసి నా సర్టిఫికెట్ మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేశారు. ప్రభుత్వ పోర్టల్‌కు పోలేదు, ఆ సంస్థ సొంత వెబ్‌సైటుకే పోయింది. అందులో నా పేరు, నా ఫొటో, ‘ధ్రువీకరించబడినది’ అన్న ఆకుపచ్చ టిక్కు. వాళ్లు ఇచ్చిన కాగితాన్ని వాళ్లే నిజమని చెప్పుకుంటున్నారు!

ఇప్పుడు అసలు విషయం. నిన్న డబ్బు వెనక్కి అడగడానికి వెళ్లాను. కౌంటరు దగ్గర మేనేజరు, ఎదురు కుర్చీల్లో ఒక తండ్రి, కూతురు ఫారం నింపుతున్నారు. అమ్మాయి రసాయన శాస్త్రం డిగ్రీ చేసినట్టుంది, ల్యాబ్ అసిస్టెంటు కోర్సు గురించి అడుగుతోంది. నేను గొంతు పెంచలేదు. క్లోరిన్ గురించి తప్పు నేర్పారు, ప్లాంటే చూపించలేదు, డబ్బు ఇచ్చేయండి అన్నాను.

మేనేజరు నా సర్టిఫికెట్ అందుకుని, ముందూ వెనకా తిప్పి, కౌంటరు మీద నా వైపు జార్చాడు. ‘నువ్వు కట్టింది కాగితానికి, కాగితం ఇచ్చాం. కుళాయి తిప్పేవాడికి కెమిస్ట్రీ ఎందుకయ్యా?’ అన్నాడు. అని, పక్కనున్న క్యాన్ నుంచి కాగితం గ్లాసులో నీళ్లు పట్టుకుని తాగాడు. మేము ప్రాక్టికల్స్ చేసిన దుకాణం క్యానే అది. ఆ నీళ్లు గొంతు దిగుతున్నప్పుడైనా అనిపించలేదు కాబోలు, ఎవడో ఒకడు సరిగ్గా పనిచేయబట్టే తాను నిశ్చింతగా తాగుతున్నానని.

నేను ఆ తండ్రి వైపు తిరిగి, బాబాయ్, కట్టకండి, అన్నాను. వెంటనే మేనేజరు గొంతు మారిపోయింది. ఆయన్ని చూసి చిరునవ్వుతో, ‘పరీక్ష తప్పాడండి, ఆ అక్కసు’ అన్నాడు. నాకు ‘ఏ’ గ్రేడు ఇచ్చిన సంతకం అతనిదే! ఆ కాగితం ఇంకా కౌంటరు మీదే ఉంది! చూపించాను. ఆ పెద్దాయన నా రబ్బరు చెప్పుల వంక, అతని టై వంక చూసి, టైనే నమ్మారు. అమ్మాయి మాత్రం కాగితం వైపు ఒకటి రెండుసార్లు చూసింది. అమ్మా, నువ్వు ఇది చదువుతుంటే ఇంకా ఆలస్యం కాలేదు.

బస్సెక్కేలోగా నన్ను గ్రూపులోంచి తీసేశారు. ఫోను ఎత్తడం లేదు.

డబ్బు పోయింది, చీటీ వాయిదాలు ఇంకా కట్టాలి, అది నా ఖర్మ అనుకోవచ్చు. ‘కుళాయి తిప్పేవాడు’ అన్న మాటే మింగుడు పడడం లేదు. తెల్లవారుజామున మూడింటికి మోటారు ట్రిప్పయితే పరుగెత్తేది ఈ కుళాయి తిప్పేవాడే. వానాకాలం బురద నీళ్లొస్తే పటిక మోతాదు మార్చేది, చివరి వీధి కుళాయిలో లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలిందో లేదో చూసేదీ వీడే. వీడికి ఏమీ నేర్పకుండా కాగితం చేతిలో పెట్టి ఊరి మీదికి వదలడం వాళ్లకు వ్యాపారం.

జాగ్రత్తలు తెలిసినంత వరకు చెబుతాను. ప్రభుత్వ గుర్తింపు అన్నారంటే ఆ కోర్సు జాతీయ అర్హతల రిజిస్టరులో ఉండాలి, సర్టిఫికెట్ కేంద్ర ప్రభుత్వ పోర్టల్ స్కిల్ ఇండియా డిజిటల్ హబ్‌లో కనపడాలి. వాళ్ల ఫోనులో కాదు, మీ ఫోనులో మీరే వెతకండి. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన కింద శిక్షణకు అభ్యర్థి దగ్గర ఫీజు తీసుకోరు, ఆ పథకం పేరు చెప్పి డబ్బు అడిగితే అక్కడే లేచిపొండి. పల్లెల్లో ఉన్నవాళ్లు, ఊరి నీటి సరఫరా నడపడం, మరమ్మతులు నేర్పే ‘నల్ జల్ మిత్ర’ శిక్షణ గురించి ముందు పంచాయతీలో అడగండి. పదో తరగతి అయిన తమ్ముళ్లకు ఐటీఐలో ప్లంబరు, పంప్ ఆపరేటరు ట్రేడులు ఏడాదివి ఉన్నాయి, ఇంతకంటే చవక. ఎక్కడ చేరినా, ఏ ప్లాంటులో ప్రాక్టికల్స్ అన్నది కాగితం మీద రాయించుకోండి. ఉద్యోగం గ్యారంటీ అనే తప్పుడు ప్రకటనల మీద కోచింగ్ కేంద్రాలకు కేంద్రం 2024 నవంబరులో మార్గదర్శకాలు తెచ్చింది, కాబట్టి పోస్టరు దాచుకోండి. నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను, ఏమవుతుందో చూడాలి.

కొత్త బ్యాచ్ సోమవారం మొదలవుతోందట. ఇప్పటికే అడ్వాన్సు కట్టినవాళ్లు రెండో వాయిదా ఆపి, చేతిలో ఉన్న రసీదు ఒకసారి తీసి చదవండి. నా దాంట్లో శిక్షణ అన్న మాటే లేదు, మొత్తం డబ్బు ‘స్టేషనరీ సామగ్రి’ కింద రాసుకున్నారు.